ఆపరేషన్ ఫుల్ డూప్లెక్స్

గుండు కొట్టించుకున్న ఆడమనిషిని తిరుపతిలో ఎవరూ రెండోసారి చూడరు. ఏజెంట్ లోహిత అందుకే జుట్టు తీయించుకుంది. నున్నటి తలకు గంధం పూసుకుని అలిపిరి మెట్ల దగ్గర నిలబడితే ఆమె కూడా వేలమంది భక్తుల్లో ఒకతె. ఇంతకంటే మంచి మారువేషం ఏ దేశపు గూఢచారికీ దొరకదు.

టెంకాయలమ్మే చంద్రకాంతమ్మ తలెత్తకుండానే అడిగింది.

"మొక్కు తీరిందా తల్లీ?"

"సగమే తీరింది. మిగతా సగం వానొస్తే."

కోడ్ సరిపోయింది. గంప అడుగునుంచి ఒక ఫోను లోహిత చేతికొచ్చింది. అవతల చీఫ్ రంగనాథం. కుశలప్రశ్నలు ఆయన డ్యూటీలో లేవు.

"సత్యవేడు దాటాక నాగలవంక డ్యాం. నిండుకుండలా ఉంది. గేట్లు నడిపే కంప్యూటర్లోకి విదేశీ ముఠా ఒక ప్రోగ్రాం ఎక్కించింది. ఈ రోజు పన్నెండింటికి గేట్లన్నీ ఒకేసారి లేస్తాయి."

"కింద ఊరు?"

"ఊరంతా వంక ఇసకలోనే ఉంటుంది. ఆయుధపూజ రోజు అక్కడ పొంగళ్ళు పెట్టడం వాళ్ల ఆనవాయితీ. అది చూసుకునే ముహూర్తం పెట్టారు. జనాన్ని కదిలిస్తే గట్టు మీదున్న ముఠా మనుషులు ముందే మీట నొక్కుతారు."

"కంప్యూటర్ ఆపేస్తే?"

"ఆపినా, పెన్ డ్రైవ్ తగిలించినా, నెట్ లైను ఒక నిమిషం తెగినా గేట్లు అప్పుడే లేస్తాయి. విరుగుడు ప్రోగ్రాం ఇక్కడినుంచి నెట్‌లో పంపుతున్నాం. నత్తనడక! ఇలాగైతే సాయంత్రానికి గానీ చేరదు. అక్కడ ఏది అడ్డుపడుతోందో చూడు. ఇంకోమాట. ముఠాలో మోనిక అని ఒకతె ఉంది. అందగత్తె. ఆ లైను బిగించింది ఆమే. కనబడితే జాగ్రత్త."

లోహిత సత్యవేడు బస్సు కోసం కాచుకోలేదు. అంత ఓపిక ఆమెకు పుట్టుకతోనే లేదు. చంద్రకాంతమ్మ మనవడి మోటారు సైకిలు తీసుకుని దుమ్ము రేపుకుంటూ పోయింది.

డ్యాం కంట్రోల్ రూములో ఆపరేటర్ తిరుమలయ్య ఒక్కడే ఉన్నాడు. గది నిండా సాంబ్రాణి పొగ. పాత కంప్యూటర్‌కు ముందూ వెనకా గంధం, కుంకుమ బొట్లు, పైన బంతిపూల దండ. ముఠా లెక్క లోహితకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఆయుధపూజ నాడు పనిముట్టును ముట్టుకునే మనిషి ఈ సీమలో లేడు. అందుకే ఈ రోజు.

ఐడీ కార్డు చూపించినా తిరుమలయ్య అడ్డం నిలబడ్డాడు.

"పూజలో పెట్టినాను తల్లీ. రేపు పునఃపూజ అయ్యేదాకా దాని మీద చెయ్యి పడగూడదు. మా నాయన కాలం నుంచీ ఇదే."

"పెద్దాయనా, మీ ఇంటోళ్లు యాడుండారు?"

"మా వరదమ్మా? ఇంగ యాడుంటాది, కింద వంకలో. పొంగలి పెడతా ఉంటాది."

"పన్నెండింటికి ఈ గేట్లు లేస్తాయి. మీరు లేపరు. ఈ పెట్టెలో దూరిన దొంగ లేపుతాడు."

తిరుమలయ్య ఒకసారి దండ వైపు చూశాడు, ఒకసారి కిటికీ లోంచి వంక వైపు చూశాడు. దండ తీసి కళ్లకద్దుకుని పక్కన పెట్టాడు.

"పాపం తగిలితే నాకు తగలనీ. సూడు తల్లీ."

లోహిత కుర్చీ లాక్కుంది. విరుగుడు ఫైలు నిజంగానే ఈడుస్తోంది. లోపం కేబుల్లో లేదు, దేవుడి దయవల్ల కరెంటులోనూ లేదు. క్యాబినెట్‌ను కొంచెం ముందుకు జరిపి వెనక ఉన్న నెట్‌వర్క్ కార్డు చూసింది. ఈ కాలంలో మ్యూజియంలో ఉండాల్సిన కార్డు. సెట్టింగ్ 'ఆటో'లో ఉంది, పైకి ఏ తప్పూ కనబడదు. కానీ గోడ మీది నెట్ స్విచ్ పెట్టె మీద ఫుల్ డూప్లెక్స్ దీపం వెలుగుతోంది, కార్డు మాత్రం హాఫ్ డూప్లెక్స్ అంటోంది.

"దొరికినాడు!"

"ఏందమ్మా అది?"

"తిరుమలకు ఎక్కేదానికి ఒక ఘాట్ రోడ్డు, దిగేదానికి ఇంకొకటి ఉండాయి గదా. ఆ పెట్టె ఫుల్ డూప్లెక్స్, అంటే రెండు రోడ్లుండాయనుకుని బస్సులు వదలతాంది. ఈ పాత కార్డు, పాపం, ఉండేది ఒకటే రోడ్డనుకుని, ఎదురుగా బండి కనబడితే ఆగిపోతాంది. ఆటోలో పెడితే ఎవరైనా మోసపోతారు. అవతల ఫుల్ అని బిగించినప్పుడు ఇవతలా ఫుల్ అనే బిగించాల."

సెట్టింగ్ మార్చి, 'ఓకే' మీద వేలు పెట్టబోయింది.

"వేలు తియ్."

గుమ్మంలో పిస్తోలు. పిస్తోలు వెనక నెమలిపింఛం రంగు పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. మోనిక. చీఫ్ అందం విషయంలో అబద్ధం చెప్పలేదు.

"అది నొక్కితే కార్డు రీసెట్ అవుతుంది. లైను తెగుతుంది. పాత కార్డు, తిరిగి ఎప్పుడు లేస్తుందో దానికే తెలీదు. ఒక్కసారే నొక్కగలవు. మార్చాల్సినవన్నీ ఒకేసారి మార్చుకో."

లోహిత తల తిప్పలేదు. "శత్రువుకు సలహాలిచ్చే ముఠాను ఇప్పుడే చూస్తాన్నా."

మోనిక పిస్తోలు దించింది. "మొక్కు తీరిందా తల్లీ?"

లోహిత కుర్చీలోనే అటు తిరిగింది.

"సగమే తీరింది," అంది లోహిత మెల్లగా. "నువ్వు మన మనిషివేనా?"

"చంద్రకాంతమ్మ మనిషిని. రంగనాథం గారికి కూడా తెలీదు. వాళ్ల కోసం ఈ లైను చెడగొట్టింది నేనే, చెడగొట్టకుంటే చంపేసుండేవాళ్లు. లైను తెగితే అప్పటికప్పుడే గేట్లు లేపేట్టు పెడతామన్నారు. 'మా సీమలో నెట్ గంటకోసారి పోయి వస్తుంది, అట్లా పెడితే మీ ప్లాను ముందురోజే పేలుతుంది' అని భయపెట్టి ఆ ఒక్క నిమిషం ఇప్పించుకున్నాను. నేను తెచ్చిచ్చిందంతా అంతే." ఆమె గుమ్మం వైపు తిరిగింది. "బయట వాళ్ల మనుషులు ఇద్దరున్నారు. వాళ్లను నేను చూసుకుంటా."

పట్టుచీర కుచ్చిళ్లు దోపుకుని బయటికి నడిచింది.

లోహిత ఫోను మోగింది. చీఫ్. లోహిత రెండు ముక్కల్లో సంగతి చెప్పింది.

"వద్దు," అన్నాడు రంగనాథం. "కార్డు తిరిగి లేవకపోతే గేట్లు మన చేతిమీదుగా లేచినట్టవుతుంది. డిపార్ట్‌మెంటుకు మచ్చ. వదిలేసి బయటికొచ్చేయ్. ఇది ఆర్డర్."

లోహితకు ఒళ్లు మండిపోయింది. ఆరేళ్ల సర్వీసులో ఇంత కోపం రాలేదు.

"ఎవరి చేతిమీదుగా లేస్తే ఏం సార్? మునిగేది అదే ఊరు. నేను రాను."

ఫోను పక్కన పడేసింది. ఒకే ఒక అవకాశం. స్పీడ్ వంద, డూప్లెక్స్ ఫుల్. కార్డు మధ్యమధ్యలో కునుకు తీయకుండా పవర్ సేవింగ్ తీసేసింది. వచ్చిన సరుకు దింపుకునే చోటు చాలడం లేదని రిసీవ్ బఫర్లు పెంచింది. మళ్లీ ఒకసారి అన్నీ చూసుకుంది.

నొక్కింది.

కార్డు మీది దీపం ఆరిపోయింది. గోడ మీద గడియారం చప్పుడు చేస్తోంది. దీపం రాలేదు. లోహిత మనసులోనే లెక్కపెడుతోంది. ఇరవై. ముప్పై. ఇంకా రాలేదు. సెట్టింగులో తప్పేమీ లేదు. మరి?

వెనక వంగి చూసి నిర్ఘాంతపోయింది. కేబుల్ దూరే రంధ్రం మీద నిండు భక్తితో పెట్టిన గంధం బొట్టు. ఇందాక క్యాబినెట్ జరిపినప్పుడు ప్లగ్గు కదిలి, తడి గంధం లోపలికి దిగింది.

"బొట్టు పెట్టేదానికి నీకు ఈ బొక్కే దొరికిందా పెద్దాయనా!"

"అన్నిటికీ పెట్టాల గదమ్మా, చిన్నదని వదిలేస్తే ఎట్ల!" అంటూనే తిరుమలయ్య ప్లగ్గు పీకి, భుజం మీది తుండు కొసతో తుడిచాడు. లోహిత తన చీర చెరగు మెలిపెట్టి రంధ్రంలో తిప్పింది. యాభై. కిందినుంచి గేటు మోటార్లు ఒక్కసారి గుర్రుమన్నాయి.

"పెట్టు!"

టక్కున ప్లగ్గు కూర్చుంది. పచ్చ దీపం వెలిగింది.

మోటార్లు ఆగిపోయాయి. విరుగుడు ఫైలు ఇప్పుడు నడవడం లేదు, పరుగెత్తుతోంది. గడియారం ముళ్లు రెండూ కలవబోతున్నాయి. గేటు మోటార్లు మళ్లీ కదిలాయి. గేట్లన్నిటి కిందా బెత్తెడు సందు పడి, నీళ్లు బుస్సుమన్నాయి. తిరుమలయ్య "వరదమ్మా" అని కేకవేశాడు.

స్క్రీన్ మీద ఒకే వాక్యం వచ్చింది. 'గేట్లు లాక్ అయ్యాయి.'

సందు మూసుకుంది. వంకలో చీలమండ లోతు నీళ్లు పారాయి. గంగమ్మ కరుణించిందని ఆడవాళ్లు ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్నారు. తిరుమలయ్య కిటికీ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లోహిత కూడా ఏడ్చింది, దాచుకోలేదు. బయట ఇద్దరు మనుషుల్ని పట్టుచీర కొంగు చింపి దాంతోనే కట్టేసి, మోనిక గట్టు మీద కూర్చుని చెప్పులో ఇసక దులుపుకుంటోంది.

ఫోను మళ్లీ మోగింది.

"ఆర్డర్ ధిక్కరించావు," అన్నాడు చీఫ్ రంగనాథం. "నిన్ను సస్పెండ్ చేస్తున్నా. కాగితం ఎక్కడికి పంపమంటావు?"

"ఈ కంప్యూటర్‌కే మెయిల్ పెట్టండి సార్," అంది లోహిత గుండు మీది చెమట తుడుచుకుంటూ. "ఇప్పుడు ఈడ నెట్ బాగా స్పీడుగా ఉండాది."