మేడగదిలో మూలుగు

ఆ వీధి చివరింటి మేడగదికి చెడ్డపేరు వచ్చి మూడు నెలలే అయింది. కానీ మూడు వందల ఏళ్ళ పాడుకోటకి కూడా రానంత పేరు వచ్చింది.

గదిలో మనుషులెవరూ ఉండరు. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడవారగా పాత రేడియోలు... అంతే. ఇంటాయన బతికున్నన్నాళ్ళూ అది రేడియోలు బాగుచేసే గది. ఆయన పోయి ఏడాది దాటింది. బల్ల మీది పెద్ద రేడియోని మాత్రం ఆయన భార్య ఎవర్నీ ఆపనివ్వలేదు. రాత్రి స్టేషను మూసేదాకా అది చిన్నగొంతుతో పాడుతూనే ఉంటుంది.

ఆ రేడియోలోంచే మూలుగు మొదలైంది.

ముందు గోడ మీద ఎవరో వేలితో కొట్టినట్టు — టక్... టక్... ఆ తర్వాత మూలుగు. సన్నగా మొదలై, పైకి లేచి, కిందికి దిగి... పళ్ళు బిగబట్టి కోపం దిగమింగుకుంటున్న మగమనిషి మూలుగు. పాలవాడు గేటు బయటే పాలు పెట్టి పరిగెడుతున్నాడు. పేపరు వేసేవాడైతే పక్కింట్లో పడేసి, "చివరింటావిడకి మీరే ఇచ్చెయ్యండి, నేను పెళ్ళాంపిల్లలు ఉన్నవాణ్ణి" అన్నాడట.

ఇంటావిడ మాత్రం భయపడలేదు. మూలిగేది ఎవరో ఆవిడకి తెలుసు. ఎందుకో కూడా తెలుసు. కప్పు మీద సోలారు పలకలు బిగించిన మర్నాటి నుంచే ఇది మొదలైంది. బిగించింది అల్లుడు. మావగారికి అల్లుడంటే మొదటి నుంచీ పడదు.

ఈ కథంతా ఆ అల్లుడు చెప్పిందే. కూర్చోమని కుర్చీ వేస్తే చాలు, తన పరువు తానే తీసుకుంటూ మొదలుపెడతాడు. మనం ఉప్పూకారం కలపనక్కర్లేదు.

పెళ్ళిమాటలకి అతను మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు, కాబోయే మావగారు చదువు గురించి అడగలేదు, ఉద్యోగం గురించి అడగలేదు. నేరుగా మేడగదికి తీసుకెళ్ళి, రెండు తీగలు చేతికిచ్చి, "అతుకు వెయ్యి" అన్నారు. ఇతను చెమటలు కక్కుతూ టంకం పెట్టాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది టంకం కాదు నాయనా... కాకిరెట్ట."

పిల్ల పట్టుబట్టింది కాబట్టి పెళ్ళయింది. ఆ తర్వాత పదిహేనేళ్ళలో ఆయన ఇతని పనిని ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు.

అలాంటిది, అత్తగారు ఫోన్ చేసి, "ఆ పలకలు దింపించెయ్యండి బాబూ, మీ మావయ్యగారు ఊరుకోవడం లేదు" అనేసరికి ఇతనికి ఒళ్ళు మండింది. పోయాక కూడా ఈయన వంకలు పెట్టడం మానలేదా! ఆ చుట్టుపక్కల అప్పటికే ఈ ఇంటితో కలిపి పద్నాలుగిళ్ళకి సోలారు బిగించాడు. ఇంకో ఆరిళ్ళవాళ్ళు సరేనని, ఈ మూలుగు కబురు విన్నాక, "మా ఇంట్లోనూ పోయినవాళ్ళున్నారు, ఎందుకొచ్చిన గొడవ" అని జారుకున్నారు.

సాయంత్రం పని ముగించుకుని, దీపాలు పెట్టాక వెళ్ళి చూశాడు. రేడియోలో పాట గాజుపలకలా స్పష్టంగా వస్తోంది. మూలుగూ లేదు, దెయ్యమూ లేదు. మర్నాడు అదే వేళకి మళ్ళీ వెళ్ళాడు. అదే పాట, అదే స్పష్టత.

"అత్తయ్యగారూ, మీరు ఒంటరిగా ఉండి ఏవేవో ఊహించుకుంటున్నారు," అన్నాడు.

"ఊహించుకుంటూ కూర్చోడానికి నాకేం పనిలేదా? రోజూ వస్తున్నారు," అంది ఆవిడ.

ఎప్పుడొస్తున్నారని ఇతను అడగలేదు. దెయ్యాలకి వేళేమిటి, రాత్రేగా! పద్నాలుగిళ్ళకి కరెంటు తెప్పించిన బుర్రకి ఆ ఒక్క ప్రశ్న తట్టలేదు.

ఇంటికొచ్చాక భార్య తేల్చేసింది. "మీ సైన్సు కబుర్లు నాకొద్దండీ. అమ్మ ఆ పలకలు దింపేదాకా ఊరుకోనంటోంది. ఒక్క రాత్రి ఆ గదిలో పడుకోండి. ఏమీ లేకపోతే లేదని అమ్మకి చెప్పండి. ఉంటే పలకలు దింపండి. భయమైతే చెప్పండి, నేను తోడొస్తాను."

"భయమా... నాకా?" అని నవ్వాడు. ఆ నవ్వు తమ ఇంటి గేటు దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. ఇతనొక్కడే అత్తగారింటికి వెళ్ళాడు.

మేడగదిలో నేల మీద చాప పరుచుకున్నాడు. కుర్చీ ఖాళీగానే ఉంది. కానీ ఆయన కుర్చీలో కూర్చునే ధైర్యం ఆయన బతికుండగానే లేదు... ఇప్పుడెక్కణ్ణించి వస్తుంది?

పదకొండింటికి రేడియోలో అమ్మాయి సెలవు తీసుకుంది. ఆ గొంతు కూడా పోయాక, సన్నటి గాలిశబ్దం ఒక్కటే మిగిలింది. షెల్ఫుల్లో పాత రేడియోలన్నీ గుండ్రటి మీటల కళ్ళతో తనవైపే చూస్తున్నట్టున్నాయి.

పన్నెండు... ఒంటిగంట...

ఎక్కడో చెక్క పటుక్కుమంది.

"మావయ్యగారూ..." గుసగుసగా పిలిచాడు. "మీరున్నారా?"

చాప మీద మోకాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు.

"ఉంటే... ఇప్పుడు మాత్రం పలక్కండి."

ఆయన మాట మన్నించినట్టున్నారు, పలకలేదు. ఆ కాస్త మర్యాదకే ఇతని మనసు కరిగింది. చీకట్లో మనిషికి అబద్ధాలు తట్టవు కదా... "మీ ఇంటి పని కాస్త తొందరలో కానిచ్చానండీ," అన్నాడు. "ఆ రోజు ఇంకో ఇంటి పని కూడా ఒప్పుకున్నాను. మేడ మీద ఎవరు చూస్తారులే అనుకున్నాను." ఇంకా చాలా ఒప్పుకున్నాడట. అవన్నీ మనకి చెప్పలేదు.

రెండు... మూడు... నాలుగు... కంటి మీద కునుకు లేదు. మూలుగూ లేదు.

కిటికీలో వెలుగు వచ్చింది. వీధిలో సైకిలు గంట మోగింది. రేడియో గొంతు సవరించుకుని వార్తలు మొదలుపెట్టింది. ఇతను ఒళ్ళు విరుచుకుని లేచాడు. గెలిచాడు! దెయ్యం లేదు, పాడూ లేదు. ఆ ఉత్సాహంలో వెళ్ళి మావగారి కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

టక్...

కాలు దించాడు.

టక్... టక్...

వీపు వెనక గోడలోంచే! తర్వాత — వార్తల కింద నుంచి, సన్నగా, పాకుతూ... మ్మ్... మ్మ్మ్... ఎండ కిటికీలోకి ఎక్కేకొద్దీ మూలుగు పెరుగుతోంది. వార్తలు మునిగిపోయాయి. గదంతా కోపంగా మూలుగుతోంది.

మెట్లు ఎన్నో ఇతనికి ఇప్పటికీ తెలియదు. వాటిలో మూడింటి మీద మాత్రమే కాలు పెట్టాడు.

కింద అత్తగారు చీపురు పట్టుకుని నిలబడి ఉంది. "వచ్చారా?" అంది నెమ్మదిగా.

"పొ... పొద్దెక్కాక వస్తారా అత్తయ్యగారూ!"

"రాత్రని నేనెప్పుడు చెప్పాను? రాత్రిళ్ళు ఆయన హాయిగా నిద్రపోతారు. బతికున్నప్పుడూ అంతే." చీపురు గోడకి ఆనించింది. "పొద్దున్నే లేస్తారు. మబ్బు పడితే కాస్త తగ్గుతారు. ఎండెక్కితే కోపం పెరుగుతుంది. చీకటి పడితే మళ్ళీ మాట్లాడరు."

మబ్బు పడితే తగ్గి... ఎండెక్కితే పెరిగి... చీకటి పడితే ఆగిపోయేది...

ఇతను ఆఖరి మెట్టు మీద అలాగే కూలబడ్డాడు. ఆ ఇంట్లో సూర్యుడితో లేచి సూర్యుడితో పడుకునేది ఇంకొకటుంది. దాన్ని తెచ్చి బిగించింది తనే.

మళ్ళీ మేడెక్కాడు. షెల్ఫులోంచి చేతిలో పట్టే చిన్న రేడియో ఒకటి తీసి, బ్యాటరీలు వేసి, గది బయట గోడకున్న ఇన్వర్టర్ దగ్గరికి వెళ్ళాడు. స్విచ్చి కట్టేశాడు. మూలుగు టక్కున ఆగింది. స్విచ్చి వేశాడు. కాసేపటికి ఇన్వర్టర్ లోపల టక్... టక్... వెంటనే మూలుగు.

రేడియో పట్టుకుని కప్పు మీద తీగల వెంట నడిచాడు. తీగ దగ్గర పెడితే అరుస్తోంది, దూరం జరిగితే సద్దుమణుగుతోంది. పలకల నుంచి వచ్చే రెండు తీగల్లో ఒకటి తూర్పు పిట్టగోడ వెంట, రెండోది పడమటి పిట్టగోడ వెంట — దేని దారి దానిదే. చేతికి ఏది దగ్గరైతే అటు లాగేసిన పని. సరిగ్గా వాటి పైన మావగారు రేడియోకి కట్టుకున్న ఏరియల్ తీగ.

ఎండ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చేటప్పుడు ఇన్వర్టర్ దాన్ని సెకనుకి కొన్ని వేలసార్లు తెంపి అతుకుతుంది. ఆ రొద తీగల్లోకి ఎక్కుతుంది. తీగలు రెండూ జంటగా వెళ్తే ఒకదాని గోల ఒకటి మింగేస్తుంది. విడివిడిగా ఊరేగితే... ఆ రొదని నాలుగు దిక్కులా చాటుతాయి. ఇతను అత్తగారింటి మీద పెట్టింది సోలారు కాదు, రేడియో స్టేషను. మూడు నెలలుగా అది రోజూ పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకే కార్యక్రమం ప్రసారం చేస్తోంది.

పిట్టగోడ మీద కూర్చుని తల పట్టుకున్నాడు. అప్పుడే ఒక పాడుబుద్ధి పుట్టింది. గుట్టుచప్పుడు కాకుండా తీగలు సర్దేసి, 'మావయ్యగార్ని బతిమాలాను, శాంతించారు' అంటే? దెయ్యాన్ని వదిలించిన అల్లుడని పేరొస్తుంది. జారుకున్న ఆరిళ్ళూ తిరిగొస్తాయి. ఆ మాట నోట్లో రెండుసార్లు తిప్పుకుంటూ కిందికి దిగాడు.

"ఏమంటున్నారు బాబూ?" అంది అత్తగారు, ఆశగా.

ఆ ఆశ చూశాక సిద్ధం చేసుకున్న మాట పనికిరాలేదు.

"ఆయన కాదండీ... నేనే. నా పనే మూలుగుతోంది."

అంతా చెప్పాడు. తీగలు, ఏరియల్, తొందర — దాచకుండా. ఆవిడ మేడమెట్ల వైపు చూసింది.

"అయితే... ఆయన రాలేదన్నమాట."

అతను తల వంచుకున్నాడు.

"మూడు నెలలుగా రోజూ ఆ రేడియో ముందు నిలబడి చెప్పుకుంటున్నాను బాబూ. 'పోనీండి, అల్లుడు మంచివాడు, పని కూడా నేర్చుకుంటాడు, కోపం తగ్గించుకోండి' అని..."

దానికంటే ఆ మూలుగే నయమనిపించిందట ఇతనికి.

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, చీపురు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "మరి నిలబడ్డారేం? వెళ్ళి నేర్చుకోండి."

ఆ రోజంతా కప్పు మీదే. తీగలు రెండూ పీకి, జడలా పేని, ఇనప గొట్టంలో దూర్చి, ఆ గొట్టానికి ఎర్తు ఇచ్చాడు. ఇన్వర్టర్ దగ్గర తీగలకి రొదని పీల్చే నల్లటి ఫెర్రైట్ రింగులు తొడిగాడు. ఏరియల్‌ని దూరంగా అవతలి మూలకి మార్చాడు. ఎండ ఇంకా తగ్గకముందే స్విచ్చి వేసి, అత్తగార్ని మేడగదికి పిలిచాడు.

పాట స్పష్టంగా వచ్చింది. ఆవిడ రేడియోకి చెవి ఆనించింది. పాట అడుగున, ఎక్కడో లోతులో, ఈగ రెక్కలంత సన్నగా... మ్మ్...

"పూర్తిగా పోదండీ," అన్నాడు ఇతను నొచ్చుకుంటూ. "ఇంకో ఫిల్టరు పెడితే ఆ కాస్తా కూడా..."

"వద్దులెండి బాబూ," అంది ఆవిడ. "ఆ కాస్తా ఉండనివ్వండి."

మర్నాడు పొద్దున్నే అట్టపెట్టె నిండా రింగులు సర్దుకుని, తను బిగించిన మిగతా పదమూడిళ్ళకీ బయల్దేరాడు. అన్నిచోట్లా అదే తొందర, అదే తీగల ఊరేగింపు మరి. ఎలా మొదలుపెట్టాలో, ఏ ముఖం పెట్టుకుని చెప్పాలో దారంతా వల్లెవేసుకున్నాడు. కానీ అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు. కబురు అతని కంటే ముందే వీధులన్నీ తిరిగేసింది.

మొదటి ఇంటి తలుపు తట్టాడు. ఇంటావిడ తలుపు తీసి, అతన్ని, అతని చేతిలో పెట్టెని ఎగాదిగా చూసింది. లోపలికి తిరిగి కేకేసింది —

"ఏమండీ! దెయ్యం వచ్చింది... నిచ్చెన ఎక్కడ పెట్టారు?"