నాలుగో ఆరు

"ఈ ఆరు ఎక్కువ వేసిందెవరు?"

వల్పరైసో రేవు పట్నంలో, కొండ మెట్ల నడుమ నిలబడి గాస్పర్ కేకేశాడు. పైన, చిట్టచివర గొంతుక్కూర్చున్న అంపారో కుంచె దించనైనా లేదు.

"నేనే మాస్టారూ. కుదిరిందా?"

మెట్టుకో అంకె చొప్పున రంగులు వేద్దామని వీధివాళ్లు అనుకున్నప్పుడు సంఖ్య ఇచ్చింది గాస్పరే. అతను విసవిసా పైకెక్కాడు.

"కుదరడమా! ఒకటి, పదమూడు సున్నాలు, మూడు ఆరులు, మళ్లీ పదమూడు సున్నాలు, ఒకటి. ఎక్కుతూ చదివినా దిగుతూ చదివినా ఒకటే. పైగా ప్రధాన సంఖ్య. ఒకటీ, తనూ తప్ప దాన్ని ఏదీ భాగించలేదు."

"ఇప్పుడూ రెండు వైపులా ఒకేలా ఉందిగా?"

"ఉంది. కానీ పదకొండు భాగించేస్తుంది!"

"భాగించి చూడకుండానే?"

"ఒకటి విడిచి ఒకటి చొప్పున అంకెల్ని రెండు జట్లు చేయండి. ముప్పై రెండు అంకెలు కదా, ఈ జట్టులో ఉన్న ప్రతి అంకెకీ అటు చివరినుంచి వచ్చే జోడీ రెండో జట్టులో పడుతుంది. రెండు మొత్తాలూ సమానమైతే పదకొండు భాగించినట్టే."

అంపారో వేళ్లు మడిచి చూసుకుంది. "ఇటు పదమూడు, అటూ పదమూడే! అయితే ఇప్పుడు అందరికీ జోడీ ఉందన్నమాట. మీ పాత సంఖ్యలో నడిమి ఆరు ఒంటరిది, పాపం."

ఆ 'పాపం' అంటూ ఆమె చూసిన చూపు అంకె మీద లేదు. గాస్పర్‌కి కోపం నిలబెట్టుకోవడం కష్టమైపోయింది.

"ఆదివారం ప్రధాన సంఖ్య చూపిస్తానని బళ్లో పిల్లల్ని ఏడాదంతా ఊరించాను. ఆ ఆరు చెరిపేయండి."

"చెరిపితే మా అమ్మమ్మ గడప దాటదు."

"ఆవిడకేం?"

"మూడు ఆరులు సైతాను అంకెట. అవి తొక్కుకుంటూ చర్చికెలా వెళ్తానని కిటికీ దగ్గరే కూర్చుంది. నాలుగోది వేశాకే ఇవాళ కిందికి దిగి చర్చికి వెళ్లొచ్చింది."

రేవు మీంచి చినుకులు వచ్చాయి. అంపారో గబగబా ప్లాస్టిక్ పట్టా తీసి తడి రంగు మీద పట్టింది. రెండో కొస అతను అందుకున్నాడు. తలలు రెండూ పట్టా కిందే ఉన్నాయి.

"మెట్లు ముప్పై ఒకటే కదా. చివరి ఒకటి ఎక్కడ వేశారు?" అన్నాడు మెల్లగా.

"మీ కాళ్ల ముందే. మా ఇంటి గడప మీద."

అతను చూశాడు. పచ్చటి ఒకటి, ఇంకా తళతళలాడుతోంది.

"పిల్లలకేం చెబుతారు?" అంది.

"నిజమే. పదకొండు భాగిస్తుందని. ఎందుకో వాళ్లనే కనిపెట్టమంటాను." గడప మీది అంకె వైపు చూశాడు. "కానీ ఈ సంఖ్య పూర్తిగా చదవాలంటే రోజూ మీ గడప దాకా రావాలి."

"రండి. అమ్మమ్మ అడిగితే అంకె కోసం వచ్చానంటారా?"

"అబద్ధం ఎందుకు? మీ కోసం వచ్చానంటాను."

అంపారో చేతిలోంచి పట్టా కొస జారింది. నీళ్లన్నీ అతని మెడ మీదే పడ్డాయి.

తలుపు తెరుచుకుంది. అమ్మమ్మ ఎడెల్మిరా నడుం మీద చేతులు పెట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అరిచినప్పుడూ విన్నాను, గొంతు తగ్గించినప్పుడూ విన్నాను. నాకు చెవుడు లేదు నాయనా. లోపలికి రా, టీ చల్లారిపోతోంది. నా ఒకటి మీద మాత్రం కాలు పెట్టావో, చూడు!"

గాస్పర్ బారెడు అడుగేసి గడప దాటాడు.

వెనక అంపారో నవ్వింది. "అంత పెద్ద అడుగు ఈ ఒక్కసారికే మాస్టారూ. రేపటికి రంగు ఆరిపోతుంది."