ముందుగా లేచినవాడు

“మన కబుర్లు మోసే కొరియర్‌ని చంపేశారు,” అంది వేరా, రైలు పెట్టె మెట్ల దగ్గర ఆగి. “మీ రైల్లో టైమ్ బాంబ్ ఉంది. పెట్టినవాడు ఈ పెట్టెలోనే ఉన్నాడు. ముఖం నాకు తెలీదు.”

ఏజెంట్ మతౌష్ కళ్ళు నులుముకున్నాడు. భయపడే ఓపిక కూడా అతనిలో మిగల్లేదు. వేరా ఇర్కూట్స్క్ క్లబ్బులో పాడుతుంది, శత్రు ముఠా దగ్గర జీతం తీసుకుంటుంది, వాళ్ళ రహస్యాలు ఇతనికి చేరవేస్తుంది. చేరవేసేది ఎప్పుడూ సగమే.

“ఎప్పుడు పేలుతుంది?”

“మీ భోజనాలు అయ్యేలోపు.”

1919, క్రిస్మస్ ముందు సాయంత్రం. చెక్, స్లొవాక్ వాలంటీర్ల రైలు బైకాల్ సరస్సు పక్కన సొరంగం నోటి దగ్గర ఆగి ఉంది. పక్క పెట్టె నిండా ఫిరంగి గుళ్ళు. అవి అంటుకుంటే సొరంగం పూడిపోతుంది, వెనకున్న నలభై రైళ్ళూ సైబీరియాలోనే ఉండిపోతాయి. చెక్, స్లొవాక్ వాళ్ళ కొత్త దేశానికి స్వతంత్రం వచ్చి ఏడాది దాటింది. దానికోసం ఇంత దూరంలో పోరాడినవాళ్ళకి మాత్రం ఇంటిదారి దొరకలేదు.

“రైలంతా వెతికించు,” అంది వేరా.

“అంత టైం లేదు. వెతకడం మొదలెడితే వాడు జారుకుంటాడు. పద, భోంచేద్దాం.”

“నీకు మతి పోయిందా?”

“ఎప్పుడో.”

పెట్టెలో ఇరవై మంది బల్ల చుట్టూ కూర్చున్నారు. అనుకోని అతిథి కోసం ఆనవాయితీగా వేసి ఉంచిన పళ్ళెం ముందు వేరా కూర్చుంది. స్లొవాక్ వంటవాడు ఒండ్రెయ్ గిన్నెలన్నీ బల్ల మీదే పెట్టుకుని చేపల సూపు వడ్డించాడు. మతౌష్ రెండోసారి పోయించుకున్నాడు. మూడోసారీ పళ్ళెం చాపాడు.

“ఆకలా అన్నా, పగా?” అన్నాడు ఒండ్రెయ్.

వేరా గోడ గడియారం వైపు చూసింది. అప్పుడు బల్ల చివర నుంచి బ్రాఖ్ లేచాడు. ఓమ్స్క్‌లో కొత్తగా చేరినవాడు.

“పొయ్యిలోకి కట్టెలు తెస్తా.”

చెంచాలు ఆగిపోయాయి. క్రిస్మస్ ముందు రాత్రి భోజనం దగ్గర అందరికన్నా ముందు లేచినవాడు ఏడాది తిరక్కుండా పోతాడని చెక్ వాళ్ళకీ, స్లొవాక్ వాళ్ళకీ ఉగ్గుపాలతో అబ్బిన భయం. దేవుణ్ణి నమ్మనివాడు కూడా లేవడు. బ్రాఖ్ అచ్చం ప్రాగ్ వాడిలాగే మాట్లాడతాడు, ప్రాగ్ పాటలే పాడతాడు. ఈ ఒక్క సంగతి అతనికి ఎవరూ నేర్పలేదు.

“కూర్చో తమ్ముడూ,” అన్నాడు మతౌష్. రొట్టె విరిచి, అందులో దాచిన చిన్న పిస్టల్ తీశాడు. “సూపు ఇంకా చాలా ఉంది. నువ్వూ ఉంటావు, మేమూ ఉంటాం.”

బ్రాఖ్ తలుపు వైపు చూశాడు. గడియారం వైపు చూశాడు. మతౌష్ తీరిగ్గా ఇంకో చెంచా తాగాడు.

“పొయ్యి కింద,” అన్నాడు బ్రాఖ్. “పలక కింద ఉంది. త్వరగా.”

“అందరూ ఒకేసారి,” అన్నాడు మతౌష్. అలా లేస్తే దోషం లేదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారే లేచారు. ఒండ్రెయ్ పలక పీకాడు, మతౌష్ బాంబును సరస్సు వైపు విసిరాడు. అది మంచు మీద పడకముందే పేలింది. రైలు ఊగింది, గిన్నెలు దొర్లాయి, మనుషులు మిగిలారు.

బ్రాఖ్‌ని కట్టేశాక ఇంజిన్ కూత వేసి కదిలింది. వేరా సిగరెట్ వెలిగించుకుంది.

“ఇంత యాతన పడి పోతున్నారు. ఎలా ఉంటుంది మీ దేశం?”

మతౌష్ చల్లారిన సూపు ముందుకు లాక్కున్నాడు.

“తెలీదు. అది పుట్టినప్పుడు మేం ఇక్కడున్నాం.”