నల్లపావుల వీరులు

2094 నాటికి కంప్యూటర్లు మనుషులతో చదరంగం ఆడటం మానేశాయి. విసుగట. మనుషులకు మాత్రం సిగ్గు లేదు. విశాఖకు ఎదురుగా సముద్రంలో తేలే సాగరపురిలో స్టేడియం కట్టుకుని మరీ ఆడుతున్నారు. ఒకరి తప్పులకు ఒకరు చప్పట్లు కొట్టుకుంటున్నారు.

ఆ రోజు ఫైనల్. బొడ్డేపల్లి శశాంక్‌కు నల్లపావులు వచ్చాయి. డ్రా చాలదు, గెలవాలి. ఆ గెలుపు అతనికంటే డాక్టర్ హైమకే ఎక్కువ అవసరం. ఏళ్ల తరబడి కష్టపడి ఆమె తయారుచేసిన జంకుమాపకానికి అదే ఆఖరి పరీక్ష. అతను ఓడితే ల్యాబ్ మూసేస్తామని పాలకమండలి ముందే చెప్పింది.

జంకుమాపకం అగ్గిపెట్టెంత యంత్రం. మనిషి దేనికైనా వెనక్కి తగ్గేముందు మెదడులో చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది. ఆ న్యూరల్ సిగ్నల్‌ను దూరం నుంచే పట్టుకుని, మనిషి దేనికి జంకుతున్నాడో పైకి చెబుతుంది.

"తెల్లపావుల ఆయనకి ఓపిక లేదు," అంది యంత్రం. "కారో-కాన్ డిఫెన్స్ ఆడండి. నెమ్మదిగా సాగదీస్తే తనే తప్పు చేస్తాడు. దూకుడుగా వెళితే మాత్రం నమిలేస్తాడు."

శశాంక్ మూతి తిప్పాడు. "ముసలాళ్ల ఆట! నేను లాట్వియన్ గాంబిట్ ఆడతా మేడమ్."

రెండో ఎత్తులోనే తన రాజు ముందున్న కంచె పీకేసి, ఎదుటివాడి మీద పడే ఓపెనింగ్ అది.

"అది ఆడితే చస్తాం బాబూ! నా ల్యాబ్ పోతుంది."

"నల్లపావులొచ్చాయని నక్కి కూర్చోమంటారా? నా వల్ల కాదు."

గంట తిరక్కుండానే అతని రాజు బోర్డు మధ్యలో దిక్కులేకుండా దొరికిపోయాడు. జనం లేచి నిలబడ్డారు. "ఓడితే ఓడాడు, మొగాడు!" అని అరిచారు. గెలిచినవాణ్ణి పట్టించుకున్న నాథుడు లేడు. శశాంక్ పెళ్లికొడుకులా దండలు వేయించుకున్నాడు.

హైమ ఒళ్లు మండి యంత్రాన్ని అతనివైపు తిప్పింది.

"ఈయన జంకు సమానంగా సాగే ఆటకి," అంది యంత్రం. "అందులో ఓడితే చెప్పుకోవడానికి సాకు ఉండదు. ఇలా ఓడితే వీరుడంటారు."

"పిరికి సన్నాసి!" అంది హైమ. నిజమే, సన్నాసే.

సాయంత్రం పాలకమండలి ఆమెను పిలిచింది. అధ్యక్షురాలు ప్రభావతి నెమ్మదిగానే మాట్లాడింది.

"మీ యంత్రం మాట ఆటగాడు వినలేదు. అందులో మీ తప్పు లేదు డాక్టరుగారూ. కూర్చుని ఆ రీడింగులు ఒక్కొక్కటే వివరించండి. సబబుగా ఉంటే ఇంకో ఏడాది ఇస్తాం."

ఆ రీడింగుల్లో ఎన్ని లొసుగులున్నాయో హైమకే తెలుసు. ఆమె కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"నా యంత్రాన్ని తూచడానికి మీరెవరు? సైన్సులో ఓనమాలు రానివాళ్లకి నేను సంజాయిషీ ఇవ్వను. మూసుకోండి ల్యాబ్!"

తలుపు ధడేల్మంది. వరండాలో అసిస్టెంట్లు చప్పట్లు కొట్టారు. "భలే కడిగేశారు మేడమ్!"

హైమ ముఖం వెలిగిపోయింది. చేతిలోని యంత్రం గొంతు సవరించుకుంది. "డాక్టరుగారూ, మీరు జంకింది వాళ్లకి కాదు. వాళ్లు అడగబోయే ప్రశ్నలకి."

హైమ స్విచ్ నొక్కేసింది.

"లోపల ఏమన్నారో ఇంకోసారి చెప్పండి మేడమ్," అన్నారు అసిస్టెంట్లు. ఆమె ఉన్నదానికి నాలుగు కలిపి మరీ చెప్పింది. వాళ్లు మళ్లీ చప్పట్లు కొట్టారు. ల్యాబ్‌తోపాటు తమ ఉద్యోగాలూ పోయాయని వాళ్లలో ఒక్కడికీ ఇంకా తట్టలేదు.