నైలాన్ ముట్టని దెయ్యం

మా అత్త వాళ్ళ వీధిలో ఒక కిటికీ ఉంది. చీకటి పడ్డాక దాని ముందు నుంచి వెళ్ళేవాళ్ళు తల మీద ఏదో ఒకటి కప్పుకుంటారు. ఎండా ఉండదు, వానా ఉండదు. అయినా తువ్వాలు చుట్టుకుంటారు, చెంగు లాక్కుంటారు. ఏదీ లేకపోతే రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, పోలీసులకి లొంగిపోతున్నవాళ్ళలా గబగబా దాటేస్తారు.

ఎందుకంటే ఆ కిటికీ వెనక ఉన్న దెయ్యం జుట్టు పీకుతుంది.

నవ్వకండి. ఆ వీధిలో బట్టతల ఉన్న ప్రతి మగవాడూ ఆ కిటికీ వైపే వేలు చూపిస్తాడు. వాళ్ళ నాన్నకీ బట్టతలే, తాతకీ బట్టతలే. అయినా నేరం కిటికీదే. "పెళ్ళికి ముందు ఎంత ఒత్తుగా ఉండేదనీ... సెకండ్ షో చూసి ఈ దారినే వచ్చేవాణ్ణి. అంతే, పోయింది" అంటాడు సెలూన్ బాబాయి. వీధి చివర సెలూన్ ఆయనదే. ఊరందరి తలలూ దువ్వే మనిషికి తన తల మీద దువ్వెనతో పని లేదు. అద్దం ముందు నిలబడి పనిచేసే వృత్తిలో అదెంత అవమానమో ఆయన్నే అడగాలి.

ఆ కిటికీ ఉన్న గదిలో కూర్చునేది మా మేనత్త. నాటకాలకి విగ్గులు కడుతుంది. ఇక్కడ చెప్పేదంతా ఆవిడ చెప్పిందే. నేను కలిపింది కోపం ఒక్కటే.

ఆ గది మొదట్లో మాస్టారిది. మా అత్తకి పని నేర్పింది ఆయనే. విగ్గు కట్టడమంటే మాటలు కాదు. కొయ్య తలకి సన్నటి వల తొడిగి, కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకనీ ఆ వలకి ముడి వెయ్యాలి. మాస్టారిది ఎడమచేతి వాటం. ఆయన ముడులన్నీ ఎడమకి వాలేవి, మా అత్తవి కుడికి. నాటకాల వాళ్ళు విగ్గు తిరగేసి చూసి ఎవరు కట్టారో చెప్పేసేవాళ్ళు. శిష్యుల ముడి తప్పితే ఆయన తిట్టేవారు కాదు. వేలి ఉంగరంతో కొయ్య తల మీద ఒక్కటి కొట్టేవారు.

టక్.

అంతే. విప్పి మళ్ళీ కట్టాలి.

ఊరందరికీ జుట్టు కట్టిన మాస్టారి తల మాత్రం నున్నగా, గిన్నె బోర్లించినట్టు ఉండేది. ఆయనకీ మా అత్తకీ మధ్య ఒకటే తగువు, నైలాన్. "చవక, తేలిక, ఉతుక్కోవచ్చు" అనేది అత్త. ఆయన జవాబుగా అగ్గిపుల్ల గీసేవారు. ఒక వెంట్రుక కాల్చేవారు, చిటికెడు బూడిద. ఒక నైలాన్ పోగు కాల్చేవారు, అది కరిగి నల్లటి పూసయ్యేది. "కాలిస్తే బూడిద కూడా ఇవ్వనిది జుట్టెలా అవుతుందే? నేను పోయాక కట్టుకో నీ నైలాన్."

తగువు తేలలేదు. ఒక సాయంత్రం మాస్టారు కుర్చీలో కూర్చున్నట్టే పోయారు. చేతిలో సూది, ఎదురుగా సగం కట్టిన విగ్గు. అత్త ఆ విగ్గుని రేకు పెట్టెలో పెట్టి అటకెక్కించింది. గురువుగారి చివరి పని కదా. మళ్ళీ మూత తియ్యలేదు.

ఆ తర్వాత మొదలైంది.

ముందు ముని గడ్డం పోయింది. పూర్తిగా కాదు... గుప్పెడు పీకినట్టు మధ్యలో ఒక బొక్క. తర్వాత రాజుగారి జుట్టు. తర్వాత ముసలమ్మ కొప్పు. పొద్దున్నే గది తలుపు తీస్తే కొయ్య తలల కింద వెంట్రుకలు రాలి ఉండేవి. చిత్రమేమిటంటే, పక్కనే విదూషకుడి నైలాన్ విగ్గులో ఒక్క పోగు కూడా కదల్లేదు.

ఇంకేం కావాలి వీధికి? నైలాన్ ముట్టని దెయ్యం ఈ లోకంలో ఒక్కటే ఉంటుంది.

పైగా, రాత్రిళ్ళు కిటికీలోంచి ఆ చప్పుడు. టక్.

ఎదురింటి పిన్నిగారు ఉపాయం చెప్పింది. "పాపం, జుట్టు లేని మనిషి. జుట్టు కోసమే తిరుగుతున్నాడు. ఆయనది ఆయనకి పడేస్తే నీ జోలికి రాడు." అత్త రోజూ దీపాలు పెట్టే వేళకి తన తల దువ్వుకోగా రాలిన జుట్టు ఒక సాసర్లో వేసి కిటికీ గట్టున పెట్టడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి ఆ జుట్టు తరిగింది. తీసుకున్నాడన్నమాట. వీధి వీధంతా ఊపిరి పీల్చుకుంది. ఆడవాళ్ళు తమ వంతు చిక్కులు పొట్లాలు కట్టి పంపారు. సెలూన్ బాబాయి రోజూ సంచి నిండా తెచ్చేవాడు. సాసరు పోయి గిన్నె వచ్చింది, గిన్నె పోయి బేసిన్ వచ్చింది.

అయినా విగ్గులు రాలుతూనే ఉన్నాయి. ఇంకా ఎక్కువ.

"ఆకలి పెరిగింది" అంది పిన్నిగారు.

ఈలోగా కిటికీ గట్టు మీద నల్లటి చుక్కలు కనిపించసాగాయి. ఆవగింజంత కూడా లేవు, గుండ్రంగా ఉన్నాయి. పిన్నిగారు చూసి నల్ల నువ్వులంది. మూల మీద కిరాణా ఆయన బియ్యం పురుగులన్నాడు. అత్త ఆయన మాట విని ఇంట్లో బియ్యం మొత్తం ఎండబోసింది, బియ్యంలో పురుగే లేదు. మా నాన్న కళ్ళజోడు తుడుచుకుని చూసి, "ఎలక పెంట" అని తేల్చేశాడు. సెలూన్ బాబాయి వాసన చూసి గుడ్లు తేలేశాడు. "చెల్లెమ్మా... ఇది మాస్టారి ముక్కుపొడి."

"ముక్కుపొడి నడుస్తుందా అన్నా?"

"దెయ్యం పీల్చేది నడవదా మరి?"

మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన అత్తకి అన్నయ్య. దెయ్యాన్ని నమ్మడు కానీ, దాన్ని వాడుకోవడం తెలుసు. "ఎన్నాళ్ళమ్మా ఈ వెంట్రుకల పని? ఆ గదికి తాళం వేసి మా ఇంటికొచ్చెయ్. వదినకి వంటింట్లో తోడుంటావు" అన్నాడు. గమనించారా? దెయ్యం పట్టింది గదికి, శిక్ష పడింది అత్తకి. బట్టతల వచ్చిన మగవాళ్ళలో ఒక్కణ్ణయినా షాపు మూసేసి గరిటె పట్టమన్నారా ఎవరైనా?

అత్త ఆ మాటే అంది, కాస్త మెత్తగా. అప్పుడాయన ఒక బేరం పెట్టాడు. నాటక సమాజం వాళ్ళు మర్నాడు పొద్దున రాణి విగ్గు కోసం వస్తారు. నడుము దాకా అసలు జుట్టు, నెలల తరబడి కట్టిన విగ్గు. "అది నిండుగా వాళ్ళ చేతికిస్తే నేనిక నోరెత్తను. బొక్క కనబడిందా, తాళం నేనే తెస్తాను."

ఆ రాత్రి అత్త గదిలోనే కూర్చుంది. సాక్షిగా సెలూన్ బాబాయి కూడా వచ్చాడు. నిజానికి ఆయన సాక్ష్యానికి రాలేదు, అర్జీ పెట్టుకోవడానికి వచ్చాడు. అర్జీ ఏమిటో మీకు తెలుసు.

కాసేపు దీపం కింద కూర్చున్నారు. ఏమీ రాలేదు. "వెలుగులో రారేమో" అని బాబాయి గొణిగాడు. అత్త దీపం ఆర్పేసింది.

చీకటి.

గోడవారన కొయ్య తలలు వరసగా. కళ్ళు లేని తలలే... అయినా చూస్తున్నట్టే ఉంది. కిటికీ కింద అత్త పెరట్లో, కొయ్యకుండా వదిలేసిన కొత్తిమీర పూతకొచ్చి, తెల్లగా కనిపిస్తోంది.

టక్.

బాబాయి అత్త చెయ్యి పట్టుకున్నాడు. అది చెయ్యి కాదు, ముని కొయ్యతల ముక్కు. వదిలేశాడు.

"మాస్టారూ..." అంది అత్త చీకట్లోకి. "ముడి తప్పిందా?"

టక్.

"ఎక్కడ... పాపిట దగ్గరా?"

టక్.

అత్త రాణి విగ్గు ఒళ్ళోకి తీసుకుంది. చీకట్లోనే వేళ్ళతో తడుముతూ పాపిట దగ్గర ముడులు విప్పి మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. కళ్ళకి కనబడకపోయినా ముడులు పడుతున్నాయి. పని తెలిసిన చేతులవి.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "మాస్టారూ, నమస్కారం. నా సంగతి... ముందు భాగంలో కొంచెమయినా..."

చప్పుడు లేదు.

"ఒత్తుగా అక్కర్లేదు. దువ్వెనకి అందేంత."

చప్పుడు లేదు. అప్పుడు పైనుంచి ఏదో రాలి బాబాయి నడినెత్తిన పడింది. పడి... మెల్లగా కదిలింది.

ఆయన శిలైపోయాడు.

"చెల్లెమ్మా." ఊపిరి కన్నా మెల్లగా. "దీపం వెయ్యకు."

"ఏమైందన్నా?"

"నాటుతున్నారు."

"ఏమిటి?"

"జుట్టు నాటుతున్నారు. ఒక్కొక్కటే... అదిగో, చెవి వైపు వెళ్తున్నారు. కదిలితే వరస చెడుతుంది."

అత్తకి భయం ఎక్కడికో పోయింది. మాస్టారు నడినెత్తిన మొదలుపెట్టి చెవి వైపు వెళ్ళే మనిషి కాదు. ఏ తలకైనా మెడ నించే కట్టేవారు. లేచి దీపం వేసింది.

బాబాయి నెత్తి మీద ఒక నల్లటి పురుగు. సన్నగా, పొడుగ్గా, వీపు పాలిష్ పెట్టినట్టు మెరుస్తూ. అత్త దాన్ని తీసి బల్ల మీద వేస్తే వెల్లకిలా పడింది. కాళ్ళు ముడుచుకుంది. ఒక్క క్షణం చచ్చినట్టు ఉండి, నడుము విల్లులా వంచి —

టక్.

గాల్లోకి ఎగిరి బోర్లా పడింది. తోటలోంచి దీపానికి వచ్చే పురుగు. వెల్లకిలా పడ్డప్పుడల్లా అలా ఎగిరి లేస్తుంది. అత్త అంతసేపూ దానితో పాపిట గురించి చర్చించిందన్నమాట.

"అంటే... నాటలేదా?" అన్నాడు బాబాయి.

అత్త ఆలోచన ఇంకోటి. చప్పుడు చేసేది ఇదైతే, జుట్టు తినేది ఎవరు? ముడులు చూసుకునే భూతద్దం తీసి కిటికీ గట్టు మీదికి వంగింది. ఆ నల్ల చుక్కల్ని మొదటిసారి సరిగ్గా చూసింది. ఇవి గుండ్రం. బియ్యం పురుగుకి ముందు తొండంలా ముక్కు ఉంటుంది, వీటికి లేదు. వెల్లకిలా తిప్పితే ఎగరవు, కాళ్ళు ముడుచుకుని నటిస్తాయి. ఇది వేరే జాతి. అద్దం కింద చూస్తే ఒళ్ళంతా సన్నటి నూగు.

"వీటికి కూడా జుట్టుంది" అన్నాడు బాబాయి, అసూయగా.

అప్పుడు అత్త బేసిన్లో జుట్టు పైకెత్తింది. అడుగున కదులుతోంది. బొద్దు బొద్దుగా, చిన్న బ్రష్షుల్లా నూగున్న పిల్ల పురుగులు. అవి విడిచిన పొట్టు. ఇన్నాళ్ళూ కత్తిరింపు దుమ్మనుకుని ఊడ్చేసిన పొట్టు అదే.

తినేది ఇవి. జుట్టు, ఉన్ని, ఈకలు... ప్రాణి ఒంటిమీదిది ఏదైనా తింటాయి. నైలాన్ ఎందుకు ముడతాయి? దెయ్యం ఆకలి తీరుద్దామని వీధి వీధంతా కలిసి పోషించింది వీటినే. పొద్దున చూస్తే వీటి తల్లులు కొత్తిమీర పూల మీద వాలి పుప్పొడి తింటున్నాయట. పిల్లల్ని మా అత్త గదిలో వదిలేసి పెద్దవాళ్ళు తోటలో షికారు.

ఇంత సంతానం పుట్టిందెక్కడ? అత్త తల మెల్లగా అటక వైపు తిరిగింది.

రేకు పెట్టె దించి మూత తీశారు. లోపల విగ్గు లేదు. ఉత్త వల, దాని నిండా పొట్టు. మాస్టారి చివరి పనిని భక్తిగా దాచి పురుగులకి పెట్టింది మా అత్త. వల దులిపి చూస్తే అంచుకి గుర్తు గుడ్డ కుట్టి ఉంది. ప్రతి విగ్గుకీ పాత్ర పేరు కుట్టడం ఆయన అలవాటు — రాజు, ముని, విదూషకుడు. దీని మీద ఎర్రదారంతో ఒకటే మాట.

"నాకు."

అత్త అప్పుడు ఏడ్చిందట. బాబాయి కూడా. ఆయన ఎవరి కోసం ఏడ్చాడో తెలీదు.

కన్నీళ్ళు తుడుచుకుని రాణి విగ్గు దువ్వి, దులిపి, గాలి చొరని సంచిలో కట్టేసింది. బేసిన్లో జుట్టు పెరట్లో తగలబెట్టింది. పొద్దున మా నాన్న చేతిలో పెద్ద తాళంతో దిగాడు. నాటక సమాజం వాళ్ళు విగ్గు తిరగేసి, పాపిట దగ్గర వేలు పెట్టి, "ఈ ముడులు ఇంత చక్కగా ఎప్పుడూ పడలేదమ్మా" అన్నారు. నాన్న నోరెత్తలేదు. తాళం చేతిలోనే ఉండిపోయింది.

"ఇలా ఇవ్వన్నయ్యా, పనికొస్తుంది" అని అత్తే తీసుకుంది. మాస్టారి వలని ఉతికి, ఆరబెట్టి, నాఫ్తలీన్ ఉండలేసి అదే పెట్టెలో పెట్టి, ఆ తాళమే వేసింది. తాళంచెవి తన నడుముకి దోపుకుంది. గది నిలిచింది. విగ్గులు రాలడం ఆగింది. కిటికీ పేరు మాత్రం బాగుపడలేదు, తప్పు తమ నాన్నలదని ఒప్పుకోవడం మగవాళ్ళకి అంత తేలిక కాదు.

ఇక్కడితో కథ అయిపోయిందనే అనుకున్నాను. దెయ్యం లేదు, పురుగులున్నాయి. నా పక్షం గెలిచింది.

పోయిన వారం అత్త ఆ పెట్టె ఎండలో పెడదామని తాళం తీసింది.

వల అలాగే ఉంది. పురుగు లేదు, పొట్టు లేదు. కానీ మెడ దగ్గర... ఒక వరస జుట్టు కట్టి ఉంది.

భూతద్దం తెచ్చింది. తిరగేసి చూసింది. ముడులన్నీ ఎడమకి వాలి ఉన్నాయి.

తర్వాత ఒక్క వెంట్రుక మెల్లగా లాగి, అగ్గిపుల్ల గీసింది.

బూడిద రాలేదు. కరిగి... బల్ల మీద చిన్న నల్లటి పూస అయింది.

అది కదులుతుందేమోనని చూసింది. భూతద్దం పెట్టి చూసింది.

కాళ్ళు లేవు.