కొబ్బరాకు కట్టిన పడవ

ఆ ఉదయం ఆకాశం చేపలు కడిగిన నీళ్లలా ఉంది. వాన పడేలా లేదు, ఎండ వచ్చేలా లేదు. హౌ నది మీద, తూర్పున ఒక్కచోట మాత్రం మబ్బు చిరిగి ఎర్రగా కారుతోంది. తాక్ దాన్ని కాసేపు చూసి టోపీ తాడు బిగించుకున్నాడు. నీళ్లలో పడినా చావదని ఆఫీసువాళ్లు హామీ ఇచ్చిన మైకు ఆ తాడులోనే ఉంది.

"ఏజెంట్ ఇరవై ఏడు, వినపడుతోందా?" చెవిలో కర్నల్ లూక్ గొంతు గరగరలాడింది.

"వినపడుతోంది సార్."

"మళ్లీ చెప్తున్నా. పది గంటలకి ఐదు దేశాల మంత్రులు లాంచీలో వస్తారు. నది నీళ్ల ఒప్పందం. అది జరగడం ఇష్టం లేనివాళ్లు వాలెన్ ముఠాకి పని అప్పజెప్పారు. బాన్ లంక పక్కన, నీళ్ల మీది సంతలో, ఏదో ఒక పడవలో బాంబుంది. ఏ పడవో తెలీదు. వాలెన్ కూడా దాంట్లోనే ఉంటాడట. వాడు ప్రాణాలతో కావాలి. అర్థమైందా?"

తాక్ ఫెర్రీ టికెట్టు తీసుకున్నాడు.

"ఇరవై ఏడూ! ప్రాణాలతో!"

"సిగ్నల్ సరిగా లేదు సార్," అని తాక్ ఫెర్రీ ఎక్కాడు.

కాన్‌తో నగరం రేవు నుంచి లంకకి ఐదు నిమిషాలు. ఎక్కేటప్పుడు చెవుల నిండా మోటారు సైకిళ్ల హోరు. దిగేటప్పుడు కోడి కూత. మూడేళ్ల కిందట సరిగ్గా ఇదే రోజున, ఈ రెంటి మధ్యలోని నీళ్లలోనే, వాలెన్ హీప్‌ని చంపాడు. హీప్ ఏజెంట్ ఇరవై ఆరు. ఈ లంకలోనే పుట్టాడు. వాడి ఈత చూస్తే చేప కూడా దారిచ్చేది. అందుకే కాళ్లకి లంగరు కట్టి తోయాల్సి వచ్చింది.

హీప్ తల్లి నమ్ అమ్మ పెరట్లో గడ్డి మంట మీద కొరమీను కాలుస్తోంది. కొడుకు తద్దినం వంట. తాక్‌ని చూసి లేవలేదు.

"వచ్చావా. పోయినేడు లాగే వట్టి చేతుల్తో."

"మామిడిపళ్లు తెచ్చానమ్మా."

"మామిడిపళ్లు మా చెట్టుకీ కాస్తాయి. నేనడిగింది నా కొడుకుని చంపినవాణ్ణి."

"ఇవాళ తెస్తాననుకుంటా."

ఆవిడ చేప పొలుసు గీకే కత్తిని సానరాయి మీద రెండుసార్లు అటూ ఇటూ ఆడించింది.

"తెస్తే ఏం చేస్తావమ్మా?"

"వాడికి చెప్తాలే. నీకెందుకు?" మంట మీద చేపని కొంచెం జరిపింది. "ఆ పాటకత్తె దిగింది, చూశావా? నల్ల కళ్లద్దాలూ అదీ. నా కొడుకుని తినేసిన మనిషి, తోటలో కుర్చీ వేసుకుని రంబుటాన్ పళ్లు వలుచుకు తింటోంది."

ఆ మనిషి క్వెన్. రంగస్థలం మీద ఆమె పాడితే నగరం నగరమే ఏడ్చేది. ఒకప్పుడు హీప్ పెళ్లి చేసుకుంటానన్న పిల్ల. ఇటు కర్నల్ దగ్గరా అటు వాలెన్ దగ్గరా జీతం తీసుకునే డబుల్ ఏజెంట్. హీప్‌ని పట్టించింది ఆమేనని ఆఫీసులో బంట్రోతుకి కూడా తెలుసు.

తాక్ తోటలోకి వెళ్లి కోడ్ వాక్యం చెప్పాడు. "వాన వచ్చేలా ఉంది."

"కప్పల్ని అడుగు," అంది క్వెన్. అదీ కోడే. తర్వాత మెడలోని ముత్యాల గొలుసుని వేలితో తట్టి, తల అడ్డంగా ఊపింది. అంటే అందులో వాలెన్ మైకుంది.

"ఊరికే ఎండలో ఎందుకు తిరుగుతావు అన్నయ్యా?" గొంతు పెంచి నవ్వింది. "సంతకి వెళ్లు. ఏదైనా పెద్ద బేరం చెయ్యి. నీ మొహానికి ఇవాళ కలిసొస్తుంది."

తాక్‌కి ఆ నవ్వు మీద చెయ్యి చేసుకోవాలనిపించింది. ఆ చెయ్యి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నమ్ అమ్మ చిన్న పడవ తీసుకుని తాక్ సంతలోకి చేరేసరికి తొమ్మిదిన్నర. నూరు పడవలు. ప్రతి పడవ ముందూ నిలువు వెదురు గడ, గడకి వేలాడుతూ సరుకు. అనాసపళ్ల పడవకి అనాసపండు, ఉల్లిపాయల పడవకి ఉల్లి. ఆఫీసువాళ్లు బాంబుని వాసన పట్టే పెన్ను ఇచ్చారు. అది కంపు కొట్టే డూరియన్ పళ్ల పడవ మొదటిది ఎదురవగానే కీచుమని మొదలెట్టి మరి ఆగలేదు. తాక్ దాన్ని నీళ్లలో పారేసి, సేమ్యా పులుసు అమ్ముకునే బేయ్ పడవ పక్కన ఆగాడు. ఈ సంతలో ఆమెకి తెలియకుండా చేప కూడా గుడ్డు పెట్టదు.

"ఏంటక్కా విశేషాలు?"

"విశేషమా! అదిగో, ఆ గుమ్మడికాయల పడవ చూడు. గడకేం కట్టాడు?"

తాక్ తలెత్తాడు. గడ చివర గుమ్మడికాయ లేదు. ఎండు కొబ్బరాకు ఉంది.

"పడవ అమ్మకానికి పెట్టాడా?"

"లోకమంతా అదే అనుకుంటుందిగా! ఆకు కడితే పడవనే అమ్ముతున్నట్టు కదా. మా ఆయన మంచి బేరమని పరిగెత్తాడు. వాడు పొమ్మని తిట్టాడట. పొద్దున్నించి ఆరుగురు వెళ్లారు తమ్ముడూ, ఆరుగుర్నీ తరిమేశాడు. అమ్మనివాడు ఆకెందుకు కట్టుకోవాలి? ఎక్కడి మొహమో, ఏమో."

"నేను ఏడోవాణ్ణవుతా," అన్నాడు తాక్.

గుమ్మడికాయల మీద కూర్చున్నవాడు గళ్ల తువాలు తలకి చుట్టుకున్నాడు. ఒళ్లంతా మట్టి రంగు. పాదాలు మాత్రం మెత్తగా, ఎన్నడూ బురద తొక్కనట్టున్నాయి.

"అన్నా, పడవెంత?"

"అమ్మను. పో." మాట ఇక్కడి మాటే. యాస కూడా తప్పుపట్టలేనిది.

"ఆకు కట్టావుగా మరి."

వాడు మొదటిసారి గడ చివరకేసి చూశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, వాడి చెయ్యి నడుము దగ్గరికి పోయింది.

తాక్ తెడ్డు అంతకన్నా ముందు లేచింది. పిస్టల్ ఎగిరి నీళ్లలో పడింది. దాని వెనకే వాలెన్, వాడి మెడ పట్టుకుని తాక్.

నీళ్లు వెచ్చగా ఉన్నాయి. తాక్ వాడి తలని కిందికి నొక్కాడు. బుడగలు వచ్చాయి. ఇంకా నొక్కాడు. హీప్ ఎన్ని బుడగలు వదిలి ఉంటాడు? మూడేళ్లుగా పడుకునే ముందు వేసుకున్న లెక్క అది. చేతుల్లో వాడి గింజులాట తగ్గుతోంది. ఇంకొంచెం చాలు.

"తాక్! వదులు! టైమర్ పెట్టాడు!"

క్వెన్ మోటారు పడవ దూసుకొచ్చింది. "పదింటికి పెట్టాడు! గుమ్మడికాయలో ఉంది, ఏ కాయో నాకు చెప్పలేదు!"

తొమ్మిదీ యాభై ఎనిమిది. నది మలుపులో లాంచీ తెల్లగా కనపడింది, జెండాలతో. ప్రవాహం గుమ్మడికాయల పడవని నెమ్మదిగా దానికే ఎదురు తీసుకుపోతోంది.

తాక్ వాలెన్ తల పైకి లాగాడు. "ఏ కాయ?"

వాడు దగ్గి, ఉమ్మి, నవ్వాడు. "రెండొందలున్నాయి. కోసుకుంటూ కూర్చో."

తాక్ ఒక్క క్షణం వాడి మొహం చూశాడు. వదలాలంటే చేతులు రాలేదు. వదిలాడు. "పట్టుకో వీణ్ణి!"

"నాకివ్వు," అంది క్వెన్. "తాడు తెచ్చాను."

తాక్ పడవ అంచెక్కి ఒంటి బరువంతా ఒకే వైపు వేశాడు. లంక పిల్లలకి నడక రాకముందే తెలిసే సంగతి ఒకటుంది. గుమ్మడికాయ తేలుతుంది. ఎంత లావుదైనా తేలుతుంది, కడుపులో ఇనుముంటే తప్ప. పడవ మూలిగింది, ఒరిగింది, బోర్లా పడింది. రెండొందల కాయలు ధబధబమని నదిలో పడి మునిగాయి. ఒక్కొక్కటే బుళుక్కుమని పైకి లేచాయి. ఒక్కచోట మాత్రం ఏదీ లేవలేదు. అక్కడ బుడగలు సుడి తిరిగి ఆగిపోయాయి.

తాక్ ఆ నీళ్లనే చూశాడు. లంకలో ఎక్కడో గోడ గడియారం పది కొట్టింది.

ఏమీ కాలేదు. గుమ్మడికాయల మధ్యనించి లాంచీ వెళ్లిపోయింది. మంత్రులు ఇదేదో స్వాగత సంప్రదాయమనుకుని చేతులూపారు. మధ్యాహ్నం గజ ఈతగాళ్లు తీసిన కాయలోకి అతుకు గుండా నీళ్లు దూరి ఉన్నాయి. టైమర్ నాలుగు సెకన్ల దగ్గర చచ్చింది.

తాక్ ఇటు తిరిగేసరికి వాలెన్ చేతులు కట్టేసి ఉన్నాయి. కాళ్లకి లంగరుంది. లంగరు క్వెన్ ఒళ్లో ఉంది. ముత్యాల గొలుసు ఆమె మెడలో లేదు.

"ఆకు నేనే కట్టించాను," అంది. "ఇక్కడ అందరూ గడకి ఏదో ఒకటి కడతారు, కట్టకపోతే అనుమానిస్తారన్నాను. నమ్మాడు. అంత నమ్మించడానికి మూడేళ్లు పట్టింది."

"మరి హీప్?"

"నేను పట్టించలేదు తాక్. మొదట్లో అందరికీ చెప్పాను. ఎవరూ నమ్మకపోతే మానేశాను." లంగరుని పడవ అంచు మీద పెట్టింది. "వదిలెయ్యనా?"

వాలెన్ నవ్వు ఎప్పుడో పోయింది. తాక్ లంగరుని అంచు మీంచి తీసి పడవలో పెట్టాడు.

"అది నీ బాకీ కాదు, నాదీ కాదు. నమ్ అమ్మది."

వాళ్లు పెరట్లోకి వెళ్లేసరికి హీప్ ఫొటో ముందు అగరొత్తులు ఆరిపోవచ్చాయి. వడ్డన సిద్ధంగా ఉంది. తాక్ జరిగిందంతా నాలుగు మాటల్లో చెప్పాడు, ఆకు ఎవరు కట్టించారో కూడా. నమ్ అమ్మ కత్తి తీసుకుని వాలెన్ ముందు నిలబడింది. వాడు కళ్లు మూసుకున్నాడు.

ఆవిడ చేతుల కట్లు కోసింది.

"కూర్చో."

"అమ్మా!" అన్నాడు తాక్.

"నువ్వూరుకో. నా కొడుకు తద్దినం నాడు గడప తొక్కినవాణ్ణి పస్తు పంపితే వాడు నన్నడుగుతాడు." వాలెన్‌ని ఫొటోకి ఎదురుగా కూర్చోబెట్టింది. గిన్నె నిండా అన్నం పెట్టి, పైన కొరమీను పొట్ట ముక్క వేసింది. "వాణ్ణి చూస్తూ తిను. తల దించావంటే మళ్లీ వడ్డిస్తా."

వాడు అన్నం తినే పుల్లలు అందుకున్నాడు. గిన్నె వాసన చూశాడు.

"విషం లేదు," అంది నమ్ అమ్మ. "విషమైతే తొందరగా అయిపోతుంది."

తర్వాత ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయిన క్వెన్ వైపు చూసింది. లోపలికి వెళ్లి ఇంకో గిన్నె, ఇంకో జత పుల్లలు తెచ్చి తన పక్కన పెట్టింది. క్వెన్ నల్ల కళ్లద్దాలు తీసి కూర్చుంది.

పుల్లల చప్పుడు, పులుసు జుర్రుకున్న చప్పుడు. హీప్ ఫొటోలోంచి చూస్తున్నాడు. వాలెన్ కళ్ల నీళ్లు అన్నంలో పడుతున్నాయి, తల దించడం లేదు.

"ఇరవై ఏడూ, వాడు ప్రాణాలతో ఉన్నాడా?" కర్నల్ చెవిలో మూడోసారి అడిగాడు.

సిగ్నల్ బాగానే ఉంది. తాక్ నోట్లో అన్నం ఉంది.