రూత్ ఇంటి రూటర్

ఊళ్లో కుర్రాళ్లంతా ఊరికే లైను వేస్తారు. భూమేశ్వర్‌కి మాత్రం జీతమిచ్చి మరీ వేయిస్తారు. ఆర్మూర్‌లో ఇంటింటికీ ఇంటర్నెట్ తీగ లాగడం అతని ఉద్యోగం. ఎన్ని ఇళ్లకు తీగ లాగినా, అతని మనసును లాగిన ఇల్లు ఒక్కటే.

ఆ ఇంటికి మొదటిసారి వెళ్లింది పసుపు ఉడకబెట్టే రోజుల్లో. ఊరంతా పచ్చటి ఆవిరి. పసుపు బస్తాల ట్రాక్టర్ ఒకటి సందులోని తీగను తెంపి, తనతో పాటు అంగడికి తీసుకుపోయింది. నిచ్చెన భుజాన వేసుకుని భూమేశ్వర్ వచ్చేసరికి గేటు దగ్గర ఒకమ్మాయి నిలబడి ఉంది. మెడలో హెడ్‌ఫోన్స్, ముక్కు మీద కోపం.

"అన్నా, ఎప్పుడనంగ ఫోన్ చేసిన? గిప్పుడా వచ్చేది?"

అన్నా! పాపం, నిచ్చెన ఎక్కకముందే కింద పడ్డాడు.

"జర ఆగుండ్రి మేడమ్. గంతల్నే కొంపలేం మునగయి."

"మునిగింది. నా కంప్యూటరే పోయింది."

భూమేశ్వర్ లోపలికి తొంగి చూశాడు. "టేబుల్ మీద ఉన్నది కదా. గదేంది మరి?"

"గది ఉత్త కిటికీ. అసలు కంప్యూటర్ క్లౌడ్‌ల ఉంటది, ముంబైల. కంపెనీ కోడ్ ఇంట్ల పెట్టుకోనియ్యరు. లైన్ ఉంటెనే నాకు కనిపిస్తది."

వాకిట్లో పసుపు కొమ్ములు ఏరుతున్న తల్లి రత్నవ్వ అందుకుంది. "మా రూత్ కంప్యూటర్ మొగులు మీద ఉన్నదట నాయినా. వానొస్తే తడుస్తదేమో, జర సూడు."

అమ్మాయి ఫక్కున నవ్వింది. కోపం ముక్కు దిగిపోయింది. ఆమె పని మబ్బుల్లో, మన భూమేశ్వర్ భూమ్మీద, మధ్యలో ఒక నల్ల తీగ.

"లైన్ మాటిమాటికి పోతే పూణె ఆఫీసుకు వచ్చి కూసోమంటరు. మా ఊర్ల లైన్ మస్తుగుంటదని మాటిచ్చి ఇక్కడున్న. నా ఇజ్జత్ నీ చేతుల ఉన్నది."

భూమేశ్వర్ చెవిలో "నీ చేతుల ఉన్నది" ఒక్కటే పడింది. పూణె పడలేదు.

లైను రాయిలా కట్టాడు. దాంతో వచ్చింది తంటా. లైను రాయిలా ఉంటే రూత్ ఫోనూ రాయిలాగే ఉంటుంది కదా! బాగా పనిచేసేవాడితో ఎవరికేం పని? కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. తర్వాత సందు మూల స్తంభమెక్కి, కనెక్షన్ల డబ్బా మూత తీసి, రూత్ ఇంటి తీగను పూలు కోసినంత సున్నితంగా ఊడదీశాడు.

ఫోన్ మోగింది.

రెండు నిమిషాలు టీ కొట్టు దగ్గర గడిపి, పరుగున వచ్చినవాడిలా ఆయాసపడుతూ వచ్చాడు. రూటర్‌ను అటు తిప్పి, ఇటు తిప్పి, దానికి జ్వరమేమో అన్నట్టు చెయ్యేసి చూసి, వెళ్లి తీగ పెట్టి వచ్చాడు. పచ్చ లైటు వెలిగింది. రూత్ ముఖం కూడా.

వానాకాలం వచ్చింది. ఊరికి వాగులూ వంకలూ, భూమేశ్వర్‌కి వంకలే వంకలు.

"చాయ్ తాగుతవా?" అంది ఒకనాడు రూత్. ఆ ప్రశ్న చివర "అన్నా" లేదు. భూమేశ్వర్ చాయ్ బదులు ఆ లేకపోవడాన్నే తాగాడు.

"గీ రూటర్‌కు నీ మీద మనసు పడ్డట్టుంది. నువ్వొస్తే గని లేస్తలేదు."

"రూటర్‌కేనా?"

"ఏమో. దాన్నే అడుగు," అని రూత్ కిటికీలోంచి వానను చూసింది.

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. ఈసారి లైను పోయినప్పుడు చెబుదాం అనుకున్నాడు. లైను పోయేది ఎప్పుడో అతని చేతుల్లోనే ఉంది కదా!

ఆరోజు సన్నగా జల్లు. చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకుంటూ, తల దువ్వుకుని, కాస్త సెంటు కొట్టుకుని, తీగ ఊడదీసి, ఆత్రంలో టీ కొట్టు సంగతే మరిచి నేరుగా గేటు దగ్గరికొచ్చాడు. తలుపు తెరిచింది రూత్. చేతిలో ఫోను.

"నేనింకా ఫోనే చెయ్యలే. ఎట్ల వచ్చినవ్?"

"గట్ల... మనసుకు తెలిసింది."

ఆమె చూపు అతన్ని దాటి సందు మూలకు వెళ్లింది. స్తంభం మీద డబ్బా మూత తెరిచే ఉంది. దానికి వేలాడుతూ అతని రుమాలు. తీగ లాగితే డొంక కదిలింది.

"ఎన్నిసార్లు పీకినవ్?"

అతని చెయ్యి రుమాలు కోసం జేబులోకి వెళ్లి ఖాళీగా వచ్చింది.

"అన్నిసార్లు నువ్వేనా?"

"రెండు నిమిషాలే కద రూత్. నిన్ను సూద్దామని..."

"తలుపు కొడితే తియ్యకపోదునా? నోట్లె మాట లేదా, చేతుల తీగనే ఉన్నదా? లోపల క్లయింటుకు డెమో చూపిస్తున్న. నడిమిట్ల పోయింది. ఇప్పటికే రెండు వార్నింగులు ఉన్నయ్ నా మీద!"

"నా పేరు చెప్పు. నా నౌకరి పోతే పోనీ."

"లైను ఖరాబంటే పూణె. మనిషి పీకిండంటే గసుంటి జాగల నన్ను కూసోనిస్తరా? అప్పుడు గూడ పూణెనే." గొంతు తగ్గింది. "డెమో అయినంక ఇయ్యాల నేనే చెప్దామనుకున్న, నీకు."

"ఏంది?"

"ఇంకెందుకు? పోయి తీగ పెట్టు."

పెట్టి వచ్చేసరికి తలుపు మూసి ఉంది. లోపల్నుంచి రూత్ మాట వినిపించింది, ఇంగ్లీషులో, మెత్తగా: సారీ, మా ఊరి లైను బాగుండదు.

ఆమె పూణె బస్సెక్కిన రోజు భూమేశ్వర్ బ్యాగు మోయడానికి వెళ్లాడు. రూత్ బ్యాగు ఇవ్వలేదు. రత్నవ్వే ఆగి అంది: "మొగులును సూసి ముంతల నీళ్లు ఒలకవోసుకునేటోళ్లను సూసిన. నీళ్ల దూపయితుందని ముంతనే పలగ్గొట్టుకున్నోన్ని నిన్నే సూసిన కొడుకా."

ఇప్పుడు ఆర్మూర్‌లో రత్నవ్వ ఇంటి లైనంత గట్టి లైను ఇంకొకటి లేదు. ఆదివారం చర్చి నుంచి రాగానే రత్నవ్వ బిడ్డతో వీడియోలో మాట్లాడుతుంది. గాలొచ్చినా వానొచ్చినా ఆ బొమ్మ చెదరదు.

మళ్లీ పసుపు రోజులొచ్చాయి. ఒక ఆదివారం బస్తాల ట్రాక్టర్ నిజంగానే తీగను తెంపింది. పిలవకముందే భూమేశ్వర్ వచ్చాడు. ఈసారి ఎవరూ ఎట్ల వచ్చినవని అడగలేదు. తీగ కలిపి, కిటికీ పక్కన నిచ్చెన మీద ఉండగానే లోపల బొమ్మ వచ్చింది.

"లైన్ ఎవరు సదిరిండ్రమ్మా?"

"ఇంకెవరు బిడ్డా, భూమేశే."

అవతల చప్పుడు లేదు. లైను మళ్లీ పోయిందేమోనని భూమేశ్వర్ కిటికీలోంచి రూటర్ వైపు చూశాడు. పచ్చ లైటు నిలకడగా వెలుగుతోంది.

"గా అన్నకు థాంక్స్ చెప్పమ్మా," అంది రూత్.